నా మీద కూర్చున్న గంటలు

నేను ఒక కుర్చీనని చెప్పగానే మీరు అడగబోయే మాట నాకు తెలుసు. "ఎవరి కుర్చీవి?" అంటారు. కత్తి కనబడితే పదునెంత అని అడుగుతారు, కుండ కనబడితే నీళ్ళెన్ని పడతాయని అడుగుతారు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని సంగతి వదిలేసి, దాని మీద కూర్చునేవాళ్ళ సంగతి అడుగుతారు. నేనెవరిదాన్నీ కాను. విజయనగరం జిల్లాలో ఒక గోనె మిల్లులో హాజరు వేసే టైమాఫీసులో, కిటికీ పక్కన, దెబ్బ తగిలినవాళ్ళని కూర్చోబెట్టడానికి వేసిన కుర్చీని.

ముందే ఒప్పుకుంటాను, నాకు ఈర్ష్య ఎక్కువ. కడుపు లేనిదానికి కడుపుమంట ఏమిటని నవ్వకండి. నేను పుట్టిన తీరు వింటే మీకే తెలుస్తుంది.

నార వడికే ఒక స్పిన్నింగ్ మిషను ఓడలో మన దేశానికి వచ్చింది. దారిలో దానికి దెబ్బ తగలకూడదని చుట్టూ మంచి చెక్కతో పెట్టె బిగించారు. ఆ పెట్టెను నేనే. నెల రోజుల పాటు ఉప్పుగాలీ తేమా నేను భరించాను. అది లోపల గడ్డి పరుపు మీద పడుకుని వచ్చింది. మిల్లుకి చేరాక నన్ను మేకు మేకూ ఊడబీకి వాన చుక్కలకింద పడేశారు. దానికి పసుపు పూసి, కుంకం పెట్టి, గుమ్మడికాయ కొట్టి లోపలికి తీసుకుపోయారు. ఏటా దసరాకి దానికి బంతిపూల దండ. నన్ను మాత్రం వంటపొయ్యిలోకి పంపబోతే, మిల్లు వడ్రంగి వీరాచారి అడ్డం పడ్డాడు. "ఇంత మంచి చెక్కని కాల్చితే చేతులు పడిపోతాయి" అని నాలుగు రోజులు చిత్రిక పట్టి నన్ను కుర్చీగా నిలబెట్టాడు. కూర్చునేచోట బెత్తం అల్లాడు. ఆయనకి టీ గ్లాసు పక్కన పెట్టుకునే అలవాటు, అందుకని నా చేతులు అరచెయ్యంత వెడల్పు పెట్టాడు. ఆ వెడల్పే తరవాత నా కొంప ముంచింది.

మొదట మేనేజరు గదిలో ఉన్నాను. చక్రాల మీద గిర్రున తిరిగే కుర్చీ ఒకటి పట్నం నుంచి దిగగానే నన్ను తూకాలు చూసే కాటా గుమస్తాకి ఇచ్చేశారు. ఆయన నా మీద కూర్చున్నదానికన్నా నిద్రపోయిందే ఎక్కువ. ఆయన రిటైరయ్యాక టైమాఫీసుకి చేరాను. చేరిన రెండేళ్ళకి శేషగిరిగారు వచ్చారు.

శేషగిరిగారు మిల్లుకి కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు. కాకినాడ మనిషి. చొక్కా జేబులో మూడు పెన్నులు, చేతిలో లెక్కల మిషను. మిల్లులో ఎంతమందికి దెబ్బలు తగులుతున్నాయో కొలవాలని ఆయన్ని పంపారు. దెబ్బల్ని ఊరికే లెక్కపెడితే న్యాయం కాదట. పదిమంది పనిచేసే చోట ఒక దెబ్బా, వెయ్యిమంది పనిచేసే చోట ఒక దెబ్బా ఒకటి కావు కదా. అందుకని ఏడాదిలో ఎంతమంది దెబ్బ తగిలి ఒక్క రోజైనా పనికి రాలేకపోయారో ఆ అంకెని పది లక్షలతో హెచ్చవేసి, అందరూ కలిసి పనిచేసిన గంటలతో భాగిస్తారు. వచ్చినదాన్ని రేటు అంటారు. రేటు ఎంత తక్కువైతే అంత గొప్ప. క్యాంటీను గోడ మీద ఈ లెక్కని నీలం రంగుతో రాయించి, ఆయన ఓపిగ్గా అందరికీ చెప్పారు.

ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క దాలమ్మకి తప్ప. దాలమ్మ కుట్టు షెడ్డులో సంచులు కుట్టే ఆడమనిషి. చదువు రాదు. కానీ రోజుకి వందల సంచులు ఇరవయ్యేసి కట్టలుగా కట్టి లెక్క అప్పజెప్పిన చెయ్యి కాబట్టి అంకెలంటే భయం లేదు.

"అంటే మజ్జిగ లెక్కే కద బాబూ" అంది. "దెబ్బ పెరుగు, గంటలు నీల్లు. నీల్లెక్కువ పోస్తే మజ్జిగ పల్చనైపోతాది."

శేషగిరిగారు "అంతేనమ్మా, అచ్చంగా అంతే" అన్నారు. మిల్లులో ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు, ఆయన మెచ్చుకున్నది దాలమ్మని ఒక్కర్తినే.

ఊరికే లెక్కలు చెబితే జనం వినరని ఆయన పోటీ పెట్టారు. మార్చి నుంచి ఫిబ్రవరి దాకా ఏ షెడ్డు రేటు తక్కువైతే ఆ షెడ్డులో మనిషికో బహుమానం. మొదటి ఏడు స్టీలు క్యారేజీలు, రెండో ఏడు స్టీలు పళ్ళేలు. రెండూ స్పిన్నింగ్ షెడ్డువాళ్ళే పట్టుకుపోయారు. మూడో ఏటికి స్టీలు బిందెలని ప్రకటించారు. పెద్ద బిందెలు, మూతలతో సహా. నమూనాకి ఒకటి తెచ్చి టైమాఫీసు బల్ల మీద పెట్టారు. వచ్చిన ప్రతి ఆడదీ దాన్ని చేత్తో తట్టి చప్పుడు వినేది. ఎదురుగా ఉన్న నన్ను ఒక్కరూ తట్టలేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. స్పిన్నింగ్ షెడ్డులో పనిచేసే అసిరితల్లి, దాలమ్మకి చిన్న తోటికోడలు. ఒకే వాకిట్లో ఎదురెదురు గుమ్మాలు. క్యారేజీ వచ్చిన ఏడు అసిరితల్లి దాన్ని తోమి గుమ్మం ముందు ఎండబెట్టింది. పళ్ళెం వచ్చిన ఏడు పళ్ళెం ఎండబెట్టింది. "స్టీలు సామాను ఎండేస్తారేటే, వొడియాలా?" అని దాలమ్మ తన గుమ్మంలోంచి అరిచేది. "ఉన్నోలు ఎండేసుకుంతారు" అని అసిరితల్లి గొణిగేది. ఈ మాటలన్నీ వాళ్ళ వాడలో ఉండే టైమ్‌కీపరు మా గదిలో చెప్పి నవ్వేవాడు. నేను మాత్రం నవ్వలేదు. ఎదురింటి గుమ్మంలో మెరిసేదాన్ని చూస్తూ కూర్చోవడం ఎలాంటిదో నాకు తెలుసు.

ప్రతి షెడ్డు గుమ్మానికీ ఒక బోర్డు ఉండేది, ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రాయడానికి. స్పిన్నింగ్ షెడ్డు బోర్డు అంటే నాకు మిషను తరవాత అంత మంట. రోజూ పొద్దున్న ఒకడు వచ్చి పాత అంకె తుడిచి కొత్త అంకె వేసేవాడు. వందకి దండ వేశారు, రెండు వందలకి దండ వేశారు. కుట్టు షెడ్డు బోర్డు మాత్రం శ్రావణంలో మళ్ళీ మొదటికి వచ్చింది. ఒకామె వేలికి కుట్టుమిషను సూది దిగింది. ఆమె మూడు రోజులు ఇంటి దగ్గర ఉండిపోయింది. అది రాసేశారు. దాలమ్మ ఆమెని నెల రోజులు తిట్టింది. "నీ ఏలుకి సూది దిగితే నా బిందెకి సిల్లు పడిందే!"

జనవరి ఆఖరి వారంలో, స్పిన్నింగ్ బోర్డు మీద మూడు వందల ముప్పై ఒకటి ఉన్న రోజున, అసిరితల్లిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని టైమాఫీసుకి తీసుకొచ్చారు. వెనకాలే స్పిన్నింగ్ మేస్త్రీ సింహాద్రి. రోలర్లకి నార చుట్టుకుంటే మిషను ఆపి తియ్యాలి. ఆపితే ఉత్పత్తి పోతుందని తిరుగుతుండగానే తీస్తారు. అసిరితల్లి కుడిచేతి నడిమి రెండు వేళ్ళూ పళ్ళ చక్రాల మధ్యకి పోయాయి. ఏ మిషనో చెప్పాలా? నా తోబుట్టువే. అది కొరికి నా దగ్గరికి పంపింది.

ఆమె నా మీద కూలబడింది. కుడిచెయ్యి నా చేతి మీద పెట్టింది. అరచెయ్యంత వెడల్పు కదా, సరిగ్గా సరిపోయింది. మిల్లు కాంపౌండరు కట్టు కట్టాడు. రక్తం ఆగాక, "ఈమెని ఈఎస్ఐ ఆస్పత్రికి పంపాలి సార్. ఎముక నలిగినట్టుంది" అన్నాడు.

శేషగిరిగారు పుస్తకం తీశారు. ప్రమాదాల రిజిస్టరు అది. పెన్ను మూత తీశారు. అప్పుడు సింహాద్రి బల్ల మీదికి వంగాడు.

"బాబూ, ఇంక ముప్పైనాలుగు రోజులు. నూట నలబైమంది ఆడోలు ఏడాదంతా బిందెల కోసం సూస్తన్నారు. ఇప్పుడిది రాసీసినారంటే ఈ పిల్లని షెడ్డులో బతకనిస్తారేటి?"

"రాయకపోతే ఎలా సింహాద్రీ? రేపు పనికి రాలేదంటే దెబ్బ వల్ల పని పోయిన రోజు కిందకే వస్తుంది."

"వస్తాది బాబూ. రేపూ వస్తాది, ఎల్లుండీ వస్తాది. ఈ కుర్సీలో కూకుంతాది. హాజరు పడిపోతే ఇంక పోయిన రోజేటి?"

శేషగిరిగారు పెన్ను కాగితం మీద ఆనించి, మళ్ళీ ఎత్తారు. ఆయన చెడ్డవాడని నేను అనను. ఆయనకీ ఒక ఎదురిల్లు ఉంది. అదే యాజమాన్యం కింద ఉన్న రెండో మిల్లులో సేఫ్టీ ఆఫీసరు ఆయనతో చదువుకున్నవాడు. వాడి మిల్లులో ఒక షెడ్డు ఏడాది పొడవునా సున్నా చూపించిందని ఇత్తడి పలక ఇచ్చారట. ఆ పలక ఫోటో మా ఆఫీసుకి కూడా పంపారు. శేషగిరిగారు ఆ ఫోటోని సొరుగులో బోర్లా పెట్టుకున్నారు. బోర్లా పెట్టినవాటిని మనిషి ఎక్కువసార్లు చూస్తాడు.

పెన్నుకి మూత పెట్టేశారు. "ఎవరైనా అడిగితే ఇంట్లో తలుపు సందులో పడిందని చెప్పమ్మా" అన్నారు. గొంతు చాలా మెత్తగా ఉంది.

అసిరితల్లి తల ఊపింది. ఆమెకి చెయ్యి కన్నా షెడ్డు భయం ఎక్కువగా ఉంది.

అలా మొదలైంది. పొద్దున్న ఎనిమిదింటికి చీటీ వేసి నా దగ్గరికి వచ్చేది. సాయంత్రం దాకా కూర్చునేది. చెంగు కింద చెయ్యి దాచుకుని, అప్పుడప్పుడు తీసి నా చేతి మీద పెట్టి ఊదుకునేది. చెయ్యని పని గంటలు రోజుకి ఎనిమిది చొప్పున స్పిన్నింగ్ షెడ్డు గంటల్లో కలిశాయి. దాలమ్మ మాటల్లో చెప్పాలంటే, నా మీద కూర్చుని ఆమె మజ్జిగలో నీళ్ళు పోసేది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. నా జన్మలో ఒక మనిషి అన్ని గంటలు నాకు దక్కడం అదే మొదలు. మేనేజరు కాలు మీద కాలేసుకుని కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు, గుమస్తా నిద్రపోయేవాడు. ఈమె నన్ను పట్టుకుని కూర్చుంది. నొప్పి ఎక్కువైనప్పుడు ఎడమచేత్తో నా చేతిని గట్టిగా బిగించి పట్టుకునేది. సాయంత్రం ఆమె లేచి వెళ్తుంటే, ఇంట్లో ఆమె పడుకునే నులకమంచం మీద నాకు ఈర్ష్య కలిగేది. కాంపౌండరు వచ్చి "అమ్మా, ఆస్పత్రికి ఎల్లాలమ్మా" అన్నప్పుడల్లా వాడి మీద కోపం వచ్చేది. ఆమె వెళ్ళకూడదనే కోరుకున్నాను. కట్టు పసుపుపచ్చగా మారింది. ఆ వాసన అందరికన్నా దగ్గరగా ఉన్న నాకే ముందు తెలిసింది. అయినా అలాగే కోరుకున్నాను.

ఫిబ్రవరి మధ్యలో దాలమ్మ మా గదిలోకి తుఫానులా వచ్చింది.

"బాబూ, నాకో నాయం సెప్పాల. మాదాన్ని సూది గుచ్చుకున్నాదని ఇంటికి తోలీసి రాసీసినారు. దీనికి ఇంటికాడ తలుపులో ఏలు పడితే మిల్లులో కుర్సీ ఏసి కూకోబెట్టి జీతమిస్తన్నారు. ఇదేటి నాయం? మా షెడ్డుకీ ఒక కుర్సీ ఏయించండి."

నాకు ఒళ్ళు పులకరించింది. నన్ను చూసి ఈర్ష్యపడిన మొదటి మనిషి దాలమ్మ.

శేషగిరిగారు మేనేజరు పిలిచినట్టున్నారంటూ లేచి వెళ్ళిపోయారు. గదిలో ఇద్దరు తోటికోడళ్ళూ నేనూ మిగిలాం. దాలమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగింది. బెత్తం అల్లిక చూసింది.

"మహారాణీలాగున్నావే. ఏదీ, ఆ తలుపు దెబ్బేటో నన్నూ సూడనీ."

"ఒద్దప్పా. మానిపోతంది."

"మానిపోతే మూతెందుకలాగ పెట్టినావు?" అంటూ దాలమ్మ చెంగు లాగి చెయ్యి పట్టుకుంది. కట్టు అంచు ఎత్తింది. చూసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. నారకి పట్టించే నూనె మిల్లులో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. ఎన్నిసార్లు కడిగినా గోరు మొదట్లో నల్లగా నిలుస్తుంది. ఆ నలుపు పుండు లోపల దాకా ఉంది.

"మీ తలుపుకి మిల్లు నూనె రాసినారేటే?"

అసిరితల్లి ఏడ్చేసింది. "నీ కాల్లట్టుకుంతానప్పా. ఎవులికీ సెప్పకు. ఇంక పద్నాలుగు రోజులే. మా షెడ్డోలు నన్ను సంపేస్తారు. నూట నలబై బిందెలప్పా!"

"బిందె కోసం ఏల్లు ఇచ్చేస్తావేటే, పాపిష్టిదానా?"

"నీకు కుల్లు. మాకు మల్లీ వస్తాదని నీకు కుల్లు."

దాలమ్మ చెయ్యి వదిలేసింది. "అవును, కుల్లే" అంది. "లేదని ఎవులన్నారు?" అని వెళ్ళిపోయింది.

మార్చి నాలుగో తారీకున భద్రతా దినం జరిపారు. గేటు దగ్గర షామియానా వేశారు. స్పిన్నింగ్ బోర్డు మీద దండలకింద అంకె కనపడలేదు. ముఖ్య అతిథిగా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. వేదిక మీద ఒక కుర్చీ తక్కువైతే, ఎవరో నన్ను మోసుకెళ్ళి వేశారు. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి సరిగ్గా నా మీదే కూర్చుంది. పక్కనే మేనేజరుగారి తిరుగుడు కుర్చీ. జీవితంలో ఒక్కసారైనా దాని సరసన నిలబడ్డానని నేను మురిసిపోతుండగా శేషగిరిగారు మైకు అందుకున్నారు.

కుట్టు షెడ్డు రేటు నాలుగు పాయింటు అరవై మూడు. స్పిన్నింగ్ షెడ్డు రేటు సున్నా. జనం చప్పట్లు కొట్టారు.

"స్పిన్నింగ్ షెడ్డు తరఫున షీల్డు అందుకోవడానికి, ఏడాదంతా ఒక్క రోజు కూడా నాగా పెట్టని కార్మికురాలిని వేదిక మీదికి పిలుస్తున్నాం" అని ఆయన కాగితం చూశారు. ఆ కాగితం హాజరు గుమస్తా తయారుచేసింది. పుస్తకంలో ఎవరికి నాగా లేదో వాడు చూసి రాసిచ్చాడు. ఆ మనిషి ఎక్కడ కూర్చుని హాజరు వేయించుకుందో వాడికి పట్టలేదు. కాగితం మీద పేరు చదివాక గానీ శేషగిరిగారికీ తట్టలేదు. అప్పటికే పేరు మైకులోంచి బయటికి వెళ్ళిపోయింది.

"అసిరితల్లి."

ఆడవాళ్ళు ఆమెని ముందుకు తోశారు. ఆమె మెట్లెక్కింది. కుడిచెయ్యి చెంగులో ఉంది. షీల్డు కర్రతో చేసి ఇత్తడి తాపడం చేసినది, బరువు. ఇన్‌స్పెక్టరమ్మ నా మీంచి లేచి రెండు చేతులతో అందించింది. అసిరితల్లి ఎడమచెయ్యి చాపింది.

"ఒంటి సేత్తో అందుకుంతావేటే, ఎడంసేత్తో! పెద్దోలిచ్చింది రెండు సేతుల్తో అందుకో!"

కుట్టు షెడ్డు ఆడవాళ్ళ మధ్యలోంచి లేచిన గొంతు అది. దాలమ్మ నిలబడి ఉంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, నాలాంటిదాని గొంతే. అందులో ముప్పాతిక ఈర్ష్య. మిగతా పాతిక ఏమిటో దాలమ్మకి కూడా తెలిసి ఉండదు.

అందరూ నవ్వారు. అసిరితల్లి సిగ్గుతో, భయంతో, కుడిచెయ్యి కూడా బయటికి తీసింది. షీల్డు అంచు ఆ వేళ్ళకి తగిలింది. ఆమె అరవలేదు. మోకాళ్ళ మీద కూలిపోయింది. షీల్డు మెట్ల మీంచి దొర్లుకుంటూ కింద పడింది.

ఇన్‌స్పెక్టరమ్మ వంగి కట్టు చూసింది. "ఇది ఎలా తగిలింది?" అంది.

"తలుపులో..." అంది అసిరితల్లి.

"తలుపు కాదు తల్లీ, మిషను!" అంటూ దాలమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "నెల దాటింది. ఆ కుర్సీలోనే కూకోబెట్టినారు, నువ్వు కూకున్న కుర్సీలోనే."

అందరూ ఒక్కసారిగా నా వైపు చూశారు. అంతమంది నన్ను చూడాలని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. ఇలాగనుకోలేదు.

షామియానా కింద గోల మొదలైంది. జీపు వచ్చేదాకా అసిరితల్లిని టైమాఫీసులో కూర్చోబెట్టారు. నన్ను మళ్ళీ మోసుకొచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మ బల్ల దగ్గర నిలబడి, "రాయండి" అంది. బల్ల మీద నమూనా బిందె, పూలదండలు, మిఠాయి పెట్టెలు. చోటు లేక శేషగిరిగారు రిజిస్టరు నా చేతి మీద పెట్టుకుని, మోకాలి మీద కూర్చుని రాశారు. తేదీ రాశారు. మిషను నంబరు రాశారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు అని రాశారు. ఆ కాగితం ఉంటేనే ఆమెకి ఆస్పత్రీ, సెలవూ, ఆ తరవాత పరిహారమూ. నెలా పది రోజులుగా లేనిది ఆ నాలుగు వరుసలే.

గుమ్మం దగ్గర స్పిన్నింగ్ షెడ్డు ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. సింహాద్రి మొహం నల్లగా అయిపోయింది.

"పోనాయి, మన బిందెలు పోనాయి" అన్నాడు.

"అయితే మాయే కదా బాబూ?" అంది దాలమ్మ వెంటనే.

"లెక్క మళ్ళీ వెయ్యండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

శేషగిరిగారు లెక్కల మిషను తీశారు. స్పిన్నింగ్ షెడ్డులో నూట నలభై మంది, మూడు వందల రోజులు, రోజుకి ఎనిమిది గంటలు. మూడు లక్షల ముప్పై ఆరు వేల గంటలు. అందులోంచి అసిరితల్లి నా మీద కూర్చున్న గంటలు తీసేశారు. ఒక దెబ్బని పది లక్షలతో హెచ్చవేసి భాగించారు. మీటలు నొక్కి ఆగిపోయారు. మళ్ళీ మొదటినుంచి నొక్కారు.

"ఎంతొచ్చింది?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"రెండు పాయింటు తొంభై ఎనిమిది."

"కుట్టు షెడ్డుది?"

"నాలుగు పాయింటు అరవై మూడు."

ముందుగా అర్థమైంది దాలమ్మకే. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపించుకుంటూ పెదాలు కదిపింది.

"మేం తొంబైమందిమి. ఆలు నూట నలబైమంది. మాకూ ఒక దెబ్బే, ఆలకీ ఒక దెబ్బే. ఆలకి నీల్లెక్కువ." గోడకి ఆనుకుంది. "మల్లీ ఆలే గెలిసినారా?"

ఆ లెక్క అందరి ఎదుటా క్యాంటీను గోడ మీద నీలం రంగులో మూడేళ్ళుగా ఉంది. దెబ్బ రాసి ఉంటే ఎంత వస్తుందో వేసి చూద్దామని ఆ రోజున ఒక్కరికీ తోచలేదు. రాస్తే ఓడిపోతామనే అనుకున్నారు. సింహాద్రి అనుకున్నాడు, నూట నలభై మందీ అనుకున్నారు. శేషగిరిగారికి సున్నా కావాలి, అందుకని ఆయన మిగతా అంకెల వైపు చూడలేదు.

అసిరితల్లి నా మీద ఒరిగి కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళు తెరిచింది.

"అంటే రాసినా మాకే వచ్చీదా బాబూ?"

శేషగిరిగారు తల ఎత్తలేదు. "అవునమ్మా" అన్నారు.

ఆమె తన చెయ్యి వైపు చూసుకుంది.

"మరి నానెందుకు కూకున్నాను?"

జీపు హారను మోగింది. దాలమ్మ వచ్చి ఆమె నడుం కింద చెయ్యివేసి లేపింది. "నడు, నడు. కాల్లు బాగానే ఉన్నాయి కద" అని గదమాయిస్తూ బయటికి తీసుకుపోయింది. ఆస్పత్రికి ఆమె వెంట వెళ్ళిందీ దాలమ్మే. స్పిన్నింగ్ షెడ్డు నుంచి ఒక్కరూ వెళ్ళలేదు. వాళ్ళు బిందెల వరుసలో ఉన్నారు.

రెండు వేళ్ళూ సగానికి తీసేశారట. మొదటి వారంలో వెళ్ళి ఉంటే నిలిచేవని డాక్టరు అన్నాడట. అసిరితల్లి వంతు బిందెని మాత్రం దాలమ్మ టైమాఫీసు నుంచి సంతకం పెట్టి, సంతకం అంటే వేలిముద్ర వేసి, తీసుకెళ్ళి మరిది ఇంట్లో పెట్టింది. పెట్టేముందు దాన్ని రెండుసార్లు తట్టి చప్పుడు విందని టైమ్‌కీపరు చెప్పాడు. తన గుమ్మం ముందు ఒక్క రోజు ఎండబెట్టుకుని మరీ ఇచ్చిందని కూడా చెప్పాడు.

ఇప్పుడు నేను పాతసామాన్ల కొట్టులో ఉన్నాను. దెబ్బ తగిలినవాళ్ళని టైమాఫీసులో కూర్చోబెట్టకూడదని పైనుంచి కాగితం వచ్చింది. కాగితంలో మనుషుల పేర్లేవీ లేవు, తప్పంతా కుర్చీదే అయినట్టు నన్ను బయటపడేశారు. మనుషుల తీర్పులు ఇలాగే ఉంటాయి. అయినా ఈసారి నేను పూర్తిగా నిర్దోషినని అనలేను. ఆమె నా దగ్గరే ఉండాలని కోరుకున్నదాన్ని.

నన్ను ఇక్కడికి పంపడానికి నాలుగు రోజుల ముందు అసిరితల్లి మళ్ళీ పనిలో చేరడానికి వచ్చింది. మూడు నెలలు ఇంటి దగ్గర ఉండి కాస్త ఒళ్ళు చేసింది. శేషగిరిగారు కంగారుగా లేచి నన్ను ముందుకు జరిపారు. "కూర్చో అమ్మా, కూర్చో. కాగితాలకి కాస్త టైము పడుతుంది."

"ఒద్దు బాబూ" అంది. "నిలబడతాను."

కాగితాలు వెతికి, రాసి, ముద్ర కొట్టేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఆమె నాకు జానెడు దూరంలో చేతులు కట్టుకుని నిలబడే ఉంది. ఒక్కసారి కూడా నన్ను ఆనుకోలేదు. మిషను మీదా బోర్డు మీదా బిందె మీదా ఇన్నేళ్ళు ఈర్ష్యపడ్డాను. ఆ రోజు మాత్రం ఆమె పాదాలకింద ఉన్న గచ్చునేల మీద ఈర్ష్యపడ్డాను.